ముగ్గు పోసుకున్న ఇల్లు

కరీంనగర్‌లో నా వృత్తి ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆర్కిటెక్ట్‌ని అంటే "ఇంజనీరా?" అంటారు. కాదంటే "మేస్త్రీల మీద సూపర్‌వైజరా?" అంటారు. చివరికి జనమే జాలిపడి నాకో పేరు ఖాయం చేశారు, ప్లాన్ల మేడమ్ అని. తూర్పు వాకిలి, ఈశాన్యాన బోరు, ఆగ్నేయాన వంటిల్లు ఇంట్లోనే తేల్చుకొని వచ్చి, మధ్యలో మిగిలిన జాగాను కాస్త అందంగా సర్దిపెట్టమంటారు. సర్దిపెడతాను. నాకు కోపం ఎక్కువ. ఆ కోపమంతా మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే కాలేజీలో పిల్లల మీద పోతుంది. కొన్నేళ్ళుగా మా ప్రాంతపు ఆర్కిటెక్టుల సంఘానికి అధ్యక్షురాలిని కూడా. ఆ పదవిలో చేయాల్సిందల్లా ఏడాదికోసారి శాలువా కప్పించుకోవడం, గ్రానైటు వ్యాపారులు పెట్టే విందులో ముందు వరుసలో కూర్చోవడం.

ఈ గీత, ఈ కొలువు, ఈ శాలువా అన్నీ నాకు సార్ పెట్టిన భిక్షే. సార్ పోయి ఏడాది దాటింది. ఊళ్ళో సగం ఇళ్ళు గీసిన మనిషికి సొంత ఇల్లు లేదు. ఆయన ఎక్కడ కన్ను మూయాలి, ఆ తర్వాత ఆయన భార్య ఎక్కడ కూర్చొని ఏడవాలి అన్నది చివరికి నా ముందుకొచ్చింది. దాని సంగతి రాయాలని చాలాసార్లు కూర్చొని లేచిపోయాను.

హైదరాబాద్‌లో చదువు ముగించి వచ్చేనాటికి ఊళ్ళో ఆర్కిటెక్ట్ అని బోర్డున్న ఆఫీసు ఒక్కటే. బస్టాండు దగ్గర బట్టల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కి పోవాలి. సార్ నా డ్రాయింగులన్నీ టేబుల్ మీద పరిచి చాలాసేపు చూశారు.

"గీత బాగున్నది బిడ్డ. మనుషులేరి?"

ఉన్నారు కదా అని వేలు పెట్టి చూపించాను. గోడల పక్కన కొలత ప్రకారం నేను నిలబెట్టిన బొమ్మలు.

"గీళ్ళు ఫోటో దిగుతున్నరు. చెప్పులు ఏడ ఇడుస్తరు? ముసలామె కాళ్ళు జాపుకొని ఏడ కూసుంటది?"

నాకు ఒళ్ళు మండింది. బంగారు పతకం తెచ్చుకున్నదాన్ని. అయినా మర్నాటి నుంచే పనికి వెళ్ళాను, ఆ కోపంతోనే వెళ్ళాను.

ఆయనతో కలిసి చేసిన మొదటి పని ఆదిలాబాద్ పత్తి మార్కెట్‌లో రైతుల కోసం ఒక షెడ్డు. చలికాలం. జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సులో పోయేసరికి నా చెవులు గడ్డకట్టుకుపోయేవి. ఆఫీసర్లు ఎన్ని బండ్ల పత్తి పట్టాలో చెప్పారు, ఎంత ఎత్తుండాలో చెప్పారు. నేను లెక్కగా గీసేశాను. సార్ మాత్రం బండ్ల మీదికెక్కి కూర్చొని రైతులతో ముచ్చట పెట్టేవారు. మరాఠీ కలిసిన వాళ్ళ మాట నాకు సగమే అర్థమయ్యేది, ఆయన వాళ్ళలాగే జవాబు చెప్పేవారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా కాగితం మీద ఉత్తరం వైపు ఒక గోడ, దాని వెంట పొడుగ్గా ఒక గద్దె గీశారు.

"పత్తికి సలి పెట్టది బిడ్డ. దాని పక్కన పండుకునేటోనికి పెడతది."

నేను పిల్లలకు చెప్పే పాఠాల్లో సగం ఆ ఒక్క మాటే, రకరకాలుగా తిప్పి చెబుతుంటాను.

సార్ భార్యను నేను అమ్మా అనేదాన్ని. కన్నతల్లిని అవ్వ అంటాను కాబట్టి ఇద్దరి మధ్య పేచీ రాలేదు. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు పెళ్ళి లేదు. ఆదివారాలు వాళ్ళింట్లోనే తినేదాన్ని. వాళ్ళిల్లంటే ఎప్పుడూ ఎవరిదో ఇల్లు. ఒకసారి కింది పోర్షను, ఒకసారి మేడ మీద గది. ఏ ఇంట్లోనైనా గోడకు మేకు కొట్టాలంటే అమ్మ మెట్లు దిగిపోయి ఇంటాయన్ని, అంటే ఇల్లుగల ఓనరును, అడిగి వచ్చేది.

ఏటా ఎండాకాలం సెలవుల్లో సార్ తమ సొంత ఇంటికి ప్లాను గీసేవారు. జాగా చూడనిదే ప్లాను తేలదంటారు, ప్లాను తేలనిదే ఎంత జాగా కావాలో తెలియదంటారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్టుంది సార్ అని నేనే ఓసారి ఆయన ముఖం మీద అన్నాను. ఆయన నవ్వారు.

"ఆయనకు గీసుడు ఒడువది, నాకు కిరాయి కట్టుడు తీరది" అంది అమ్మ, పప్పు వడ్డిస్తూ.

ఆమె నవ్వలేదన్న సంగతి నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. సార్‌కు ప్లాను నచ్చే వేళకు ఊళ్ళో జాగా ధర మా అందరి చేతులూ దాటిపోయింది. తర్వాత ఆయన గీయడం మానేశారు. ఆఫీసు నాకు అప్పగించారు. ఊరి చివర ఆర్కిటెక్చర్ కాలేజీ పెట్టినవాళ్ళు నన్ను విభాగానికి పెద్దను చేస్తే, ఆయన వారానికి రెండుసార్లు ఆటోలో వచ్చి పిల్లలకు పాఠం చెప్పేవారు. నన్ను తిట్టినట్టు వాళ్ళను తిట్టేవారు కాదు. వయసు మెత్తబరిచిందో, నా మీదే ప్రత్యేకమైన ప్రేమో తెలియదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కిరాయికి ఉన్నవాళ్ళ ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని ఆ ఇంట్లోకి రానివ్వరు. ప్రాణం పోయేలా ఉంటే ముందే ఎక్కడికైనా తీసుకుపొమ్మంటారు. ఇంటికి మైల పడుతుంది, నెలల తరబడి పాడుపెట్టాలి, మళ్ళీ ఎవరూ కిరాయికి రారు అని ఇంటివాళ్ళ భయం. అందుకని రోడ్డు మీద టెంటు వేస్తారు. శవాన్ని అక్కడే ఉంచుతారు, ఆ తర్వాత దినాలు అయిపోయేవరకు ఇంటిల్లిపాదీ ఆ టెంటు కిందే ఉంటారు. అడిగితే ఎవరైనా ఒకటే చెబుతారు, లోకంలో ఉన్న పద్ధతే కదా అని. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు ఒళ్ళు మండేది అందుకే. చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకోవచ్చు.

మా బాపు సిరిసిల్లలో వేరేవాళ్ళ షెడ్డులో సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఆయన కరీంనగర్ ఆసుపత్రిలో పోయినప్పుడు నేను బడిలో చదువుతున్నాను. జీపులో మా కిరాయి ఇంటికి తెచ్చేసరికి ఇంటాయన గేటు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఎవరూ పోట్లాడలేదు. బాపును షెడ్డు ముందు రోడ్డు పక్కన పడుకోబెట్టాం. ఆ దినాల్లో వాన కురిసింది. మా అవ్వ స్నానం చేయాలంటే నేను, మా మేనత్త చెరో దిక్కు చీర పట్టుకొని నిలబడేవాళ్ళం. దారిన పోయేవాళ్ళు తల తిప్పుకొనేవాళ్ళు. వాళ్ళు తల తిప్పుకోవడం చూసి మా అవ్వ ఏడ్చేది. బాపు పోయినందుకు ఏడ్చిన ఏడుపు వేరు, అది వేరు.

సంఘానికి అధ్యక్షురాలినయ్యాక ఒకరోజు కాలేజీకి పోతుంటే దారిలో అలాంటి టెంటే కనబడింది. రెండు ఆటోల మధ్య చీర అడ్డం కట్టుకొని ఒకామె నీళ్ళు పోసుకుంటోంది. ఆ సాయంత్రం సంఘం సమావేశంలో ఎజెండా పక్కన పడేసి చెప్పాను, మున్సిపాలిటీ దగ్గర జాగా అడుగుదాం, కిరాయివాళ్ళ కోసం దినాల ఇల్లు ఒకటి మనమే ఉచితంగా గీసి, దగ్గరుండి కట్టిద్దాం అని.

మాలో అందరికన్నా ఎక్కువ ఇళ్ళు కట్టే ఒకాయన గొంతు సవరించుకున్నాడు.

"మేడం, మంచి పనే, కాదంటలేను. కని దాని మీద మన పేరుంటే, రేపు శుభమా అని ఇల్లు కట్టుకునేటోడు మన దగ్గరికి వస్తడా?"

"రాకపోతే మానె. నీ ఇండ్లల్ల ఎవ్వలు చావనే చావరా?" అన్నాను.

అధ్యక్షురాలు అనాల్సిన మాట కాదది. అయినా తీర్మానం గెలిచింది. నా నోటికి భయపడి గెలిపించారని నాకు తెలుసు. నాతో ఇల్లు గీయించుకుంటున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను వదిలి వేరే ఆర్కిటెక్టుల దగ్గరికి పోయారు కూడా.

జాగా మానేరు ఒడ్డున, శ్మశానానికి పోయే దారిలో దొరికింది. డిజైను కాలేజీలో పిల్లలకు అభ్యాసంగా ఇచ్చాను. అందరూ బ్రహ్మాండంగా గీశారు. నడుమ శవానికి ఎత్తైన వేదిక, పైకప్పులో గుండ్రటి కంత, అందులోంచి శవం మీద పడే వెలుతురు. ఒకమ్మాయైతే చుట్టూ నీళ్ళ కొలను కూడా పెట్టింది. సార్ అన్నీ ఓపిగ్గా విన్నారు.

"పోయినాయనకు ఎలుగు ఎందుకు బిడ్డ? ఆమె తానం ఏడ చేస్తది?"

ఆ రోజు సార్ బోర్డు మీద తనే గీయడం మొదలుపెట్టారు. ఆ వయసులోనూ గీత వంకర పోలేదు. పాడె మలుపు తిరిగేంత వెడల్పున్న వాకిలి. ముందు వసారా. లోపల పడుకోవడానికి గది, తలుపు గడియ పడే స్నానాల గది, పదిమందికి వండగలిగిన వంటిల్లు. ఏడ్చి ఏడ్చి అలసిపోయినవాళ్ళు నడుం వాల్చడానికి గోడ వెంట గద్దె. మేం నాలుగు కుటుంబాలకు గీశాం, మున్సిపాలిటీ ఒక్క కుటుంబానికి మంజూరు చేసింది.

వాస్తు అక్కడా వదల్లేదు. మున్సిపల్ ఇంజనీరు ఒక పంతులును వెంటబెట్టుకొని వచ్చాడు. దక్షిణం వాకిలి పనికిరాదు, యముని దిక్కు అన్నాడు పంతులు. "వచ్చినోళ్ళంతా ఆయన పంపిస్తే వచ్చినోళ్ళే కదా పంతులు గారూ" అన్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, శాస్త్రంలో ఇలాంటి ఇంటికి ఏమీ చెప్పలేదని ఒప్పుకొని, చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళలో వాస్తు మీద నేను గెలిచింది ఆ ఒక్కసారే.

ముగ్గు పోసే రోజు వచ్చింది. మా దగ్గర ఇల్లు మొదలుపెట్టేటప్పుడు గోడలు ఎక్కడెక్కడ వస్తాయో నేల మీద సున్నంతో గీతలు పోస్తారు. దాన్నే ముగ్గు పోసుడు అంటారు. అంతకుముందు ఆ ఇంటి దంపతులు పీటల మీద కూర్చొని పూజ చేయాలి. పీటల మీద ఎవరు కూర్చుంటే ఇల్లు వాళ్ళది. ఇది మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

పూజారి రెండు పీటలు వేసి, పసుపు రాసి, ఎవరు కూర్చుంటారని అడిగాడు. అప్పుడు గానీ ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. కమిషనర్‌గారి భార్య హైదరాబాద్‌లో ఉంది. కాంట్రాక్టరు భార్య ఆ పొద్దునే పుట్టింటికి పోయిందట. కార్పొరేటర్‌కు సరిగ్గా అప్పుడే ఫోను వచ్చింది. సంఘం సభ్యులు నేల వైపు చూస్తున్నారు. దినాల ఇంటికి యజమానిగా కూర్చోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? పెళ్ళి కాని నాకు పీట మీద కూర్చునే అర్హతే లేదు, లేకపోతే నేనే కూర్చునేదాన్ని. పూజారి గడియారం చూసుకుంటున్నాడు. నేను సార్ వైపు చూశాను.

సార్ అమ్మ వైపు చూశారు. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళలో వెనక నిలబడి ఉంది ఆమె. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. కొంగు భుజం మీదుగా కప్పుకొని వచ్చి కూర్చుంది. ఆయనకు మోకాళ్ళ నొప్పి, నేను పట్టుకొని కూర్చోబెట్టాను. పూజారి గోత్రం అడిగితే ఆయన చెప్పారు. అమ్మ కొబ్బరికాయ చేతిలోకి తీసుకొని ఆయన చెవిలో ఏదో అంది, ఆయన నవ్వారు. తర్వాత అడిగితే చెప్పారు.

"ఇన్నేండ్లకు ముగ్గు పోసుకుంటున్నం అన్నది."

నేనూ నవ్వాను. హాస్యమాడిందనుకున్నాను.

గోడలు లేస్తున్న రోజుల్లో అమ్మ తరచూ సైటుకు వచ్చేది. ఒకరోజు వంటింటి గట్టు పోస్తుంటే కాస్త తక్కువ ఎత్తు పెట్టమని మేస్త్రీకి చెబుతోంది. నడుం దగ్గర చెయ్యి పెట్టి కొలత చూపిస్తోంది.

"అమ్మా, ఇది ఎవరెవరో వచ్చి వండుకునే ఇల్లు" అన్నాను.

"ఎవలో ఒకరు నా అంత ఉంటరు గద బిడ్డ" అంది.

మేస్త్రీ ఆమె చెప్పినట్టే పోశాడు. గ్రానైటువాళ్ళు మిగిలిన ముక్కలు ఇస్తే నేల పరిచాం. రకరకాల రంగులు, అయినా బాగుంది. ప్రారంభం జరిగింది, నాకు ఇంకో శాలువా వచ్చింది. తాళం చెవి సంఘం దగ్గరే ఉండాలన్నారు. నియమాలు నేనే రాసి వాకిలి పక్కన అతికించాను. కిరాయికి ఉండేవాళ్ళకే, దినాలు కాగానే ఖాళీ చేయాలి. ఒకరు కదలకపోతే ఇంకొకరు రోడ్డు మీద ఉండాల్సి వస్తుందని అలా రాశాను.

ఎవరూ రాలేదు. ఊళ్ళో టెంట్లు ఎప్పటిలాగే పడుతున్నాయి. నేనే పోయి అడిగితే మొహమాటంగా చూసేవాళ్ళు. కొత్త ఇల్లు మేడం, అందులకు మొదలు మా శవమే పోవాల్నా అనేవాళ్ళు. తాళం చెవి నా బ్యాగులో ఉండిపోయింది. సంఘంలో ఆ రోజు అడ్డు చెప్పినాయన నన్ను చూసి ఏమీ అనేవాడు కాదు, అనకపోవడమే ఎక్కువగా తగిలేది.

ఆ చలికాలంలో సార్‌కు ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయన్నారు. కొన్నాళ్ళు చూసి, పెద్ద డాక్టరు నన్ను బయటికి పిలిచాడు.

"ఇగ చేసేదేం లేదు మేడం. ఇంటికి తీస్కపొండ్రి."

ఏ ఇంటికి? సార్ వాళ్ళ ఇంటాయన ఆ మధ్యాహ్నమే పండ్లు పట్టుకొని వచ్చాడు. సార్ మంచం పక్కన కూర్చొని కాళ్ళు పట్టాడు. వెళ్ళేటప్పుడు వరండాలో నా ముందు రెండు చేతులూ జోడించాడు.

"సార్ దేవుడసొంటోడు మేడం. నా నోట రావద్దు గీ మాట. మనుమరాలి పెండ్లి ముందర పెట్టుకున్న. ఇంట్ల ఆడోళ్ళు వింటలేరు. జర మీరే ఏమన్న సూడుండ్రి."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. నాకు అతన్ని కొట్టాలనిపించింది, జాలీ వేసింది. లోపలికి పోయి అమ్మతో, సార్‌తో మా ఇంటికి పోదాం అన్నాను. నాదే ఇల్లు, నేను గీసుకున్నదే, ఎవరినీ అడగక్కర్లేదు. సార్ ముక్కుకున్న గొట్టం కాస్త జరిపి మాట్లాడారు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నారు.

"కట్టినోళ్ళం మనమే పోకుంటే, ఎవలు పోతరు బిడ్డ? తాళం తీసేటోడు ఒకడు గావాలె గద."

"సార్, మీరు నాకు గట్ల చెప్పద్దు" అని ఏడ్చాను. వార్డులో అందరూ చూస్తున్నా ఏడ్చాను. ఆయన పాఠం చెప్పినట్టే ఓపిగ్గా నేను ఆపేదాకా చూశారు. ఆయన మాట కాదనడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ప్రాణంతోనే తీసుకుపోయాం. పోయినవాళ్ళకే అని నియమాల్లో రాయలేదు కాబట్టి నేనే రాసిన నియమం తప్పలేదు. కాలేజీ పిల్లలు స్ట్రెచర్ ఎత్తి వసారా దాటించారు. వెడల్పు వాకిలి కదా, ఎక్కడా తగల్లేదు. సార్ పైకప్పు చూస్తూ పడుకున్నారు.

"గోడల ఎంటిలేటర్లు ఇంకింత మీదికి పెట్టాల్సిందుండె" అన్నారు.

నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే. తెల్లారి అమ్మ పాలు కాచి తెచ్చేలోగా పోయారు. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకొనే ఉన్నాను. అయినా ఎప్పుడు పోయారో తెలియలేదు. ఎన్నో సభల్లో మైకు పట్టుకొని మాట్లాడినదాన్ని, ఆ పొద్దున అమ్మను ఎలా పిలవాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

పెద్దపల్లి నుంచి సార్ తమ్ముడి కొడుకు వచ్చి కొరివి పెట్టాడు. ఇంటాయన కూడా వచ్చాడు, అందరికన్నా గట్టిగా ఏడ్చాడు. బూడిద బాసరలో గోదావరిలో కలిపి వచ్చారు. ఊరంతా వచ్చి చూసింది ఆ ఇంటిని. ఆడవాళ్ళు స్నానాల గది తలుపు తీసి చూసి, గడియ వేసి చూసి, నల్లా తిప్పి చూశారు. అంత పెద్ద మనిషే ఇక్కడికి వచ్చిండంటే మనకేంది అన్న మాట నా చెవిన పడింది. సార్ అనుకున్నదే జరిగింది. నాకు సంతోషం కలగలేదు.

ఆ దినాలన్నీ అమ్మ అక్కడే ఉంది. నేను కాలేజీ కాగానే పోయి ఆమెతో పడుకునేదాన్ని. వంటింట్లో డబ్బాలన్నీ వరసగా సర్దింది. గదిలో గోడకు తనే మేకు కొట్టి సార్ ఫోటో తగిలించింది. రోజూ గ్రానైటు ముక్కలు తడిగుడ్డతో తుడిచేది. పని పెట్టుకుంటే మనసు కాస్త మళ్ళుతుందిలే అనుకున్నాను. పెద్దకర్మ అయ్యాక తమ్ముడి కొడుకు వెళ్ళిపోయాడు. అతనిదీ కిరాయి ఇల్లే, ముట్టు మనిషిని, అంటే మొగుడు పోయి మైల పడ్డ ఆడమనిషిని, ఏడాది దాకా రానివ్వరట. ఇక్కడి ఇంటాయన సామాను భద్రంగా కింద షెడ్డులో పెట్టించి, గదికి సున్నం కొట్టించేశాడు.

మర్నాడు పొద్దున సంఘం ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. లారీ డ్రైవరు ఒకతను పోయాడు, ఇంటివాళ్ళు రానివ్వలేదు, అంబులెన్సు దినాల ఇంటికి బయలుదేరింది. నేను కారు తీసుకొని పోయాను. అమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి గద్దె మీద కూర్చొని ఉంది.

"అమ్మా, పోదాం పా. మా ఇంటికి."

"ఎందుకు?"

"దినాలు అయిపోయినయి గదమ్మా. ఇంకొకలు వస్తున్నరు, తొవ్వల ఉన్నరు."

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నిజంగా అర్థం కానట్టు చూసింది.

"ముగ్గు పోసుకున్నది మేమే గద బిడ్డ. పీటల మీద కూసున్నది మేమే గద. నన్నెందుకు పొమ్మంటున్నవు?"

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు ఆమె మాకు సాయానికి కూర్చోలేదు. నిజంగానే కూర్చుంది. అందరూ వద్దన్న ఇంటికి యజమాని కావడానికి జంకలేదు, ఎందుకంటే అది ఇల్లు. ఆ వంటింటి గట్టు ఆమె ఎత్తుకే ఉంది. నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది, ఇది నీది కాదమ్మా అని. చూసుకుంటే నా రెండు చేతులూ జోడించి ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో ఇంటాయన నిలబడ్డట్టే.

బయట అంబులెన్సు ఆగింది. వెనక తలుపు తీసుకొని ఒకామె దిగింది, చిన్న వయసు. జుట్టు విరబోసుకొని, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక మెట్ల కింద నిలబడిపోయింది. అమ్మ ఆమెను కాసేపు చూసి లేచింది. వసారాలోకి నడిచి వెళ్ళింది.

"రా బిడ్డ, లోపటికి రా. నీళ్ళున్నయి. ఎడమదిక్కు పొయ్యి సరిగ అంటుకోదు, జర సూసుకో. అన్నం అయితున్నది, పోరగాండ్లుంటే పెట్టు."

తర్వాత లోపలికి వచ్చి ఫోటో దించి కొంగులో చుట్టుకుంది. బట్టల సంచి నేను పట్టుకున్నాను. ఆమె వాకిలి దాటుతూ వెనక్కి చూడలేదు. నేనే చూశాను.

కారు మా వీధి మలుపు తిరుగుతుంటే అమ్మ ఫోటో ఒళ్ళో సర్దుకొని మెల్లగా అడిగింది.

"మీ ఇంట్ల ఎన్ని దినాలు ఉండమంటవు బిడ్డ?"

అందులో నిష్ఠూరం లేదు. తెలుసుకుందామనే అడిగింది.